టర్కీ లేసు కోసం మూడు రోజులు

ఓడలు ఎర్ర సముద్రం దారి వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడం మొదలైన కొత్తల్లో, మా ఆఫీసులో అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నదాన్ని నేనే. కలకత్తా భవానీపూర్‌లో మాది రెండు గదుల ఆఫీసు. విదేశాల నుంచి సరుకు తెప్పించుకునేవాళ్ల తరఫున కస్టమ్స్‌లో కాగితాలు దాఖలు చేసి, రేవులోంచి సరుకు విడిపించి, వాళ్ల గుమ్మం దాకా చేర్చడం మా పని. ఇరవై ఆరేళ్లుగా ఆ కాగితాలు రాసేదీ నేనే, ఫోను తీసేదీ నేనే. ఓడ ఎక్కడుంది దిదీ అని అడిగినవాళ్లందరికీ రేపు చూసి చెప్తానని చెప్పేదాన్ని. మర్నాడు చూస్తే ఓడ ఏ తీరానికీ దగ్గర్లో ఉండేది కాదు.

మా నాన్న సోంపేట వైపు నుంచి వచ్చి ఈ ఊరి ఓడరేవు డాకులో బస్తాలు మోశాడు. అమ్మ కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చి రిటైరైంది. నేను బెంగాలీ బళ్లో చదివాను. తెలుగు అక్షరాలు మాత్రం ఖిదిర్‌పూర్‌లో మా తెలుగు చర్చి వాళ్లు నడిపే ఆదివారం బళ్లో నేర్చుకున్నాను. బైబిలు వాక్యం చదవడానికి నేర్చుకున్న తెలుగు ఒకటి, ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగు ఇంకొకటి. రాసేటప్పుడు మొదటిది వస్తుంది, నోరు విప్పితే రెండోది వస్తుంది. పెద్దయ్యాక దాన్ని ఏనాడూ దాచుకోలేదు.

దర్జీల పేట మెటియాబ్రుజ్‌లో సందు సందుకీ కుట్టు మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. సొంతంగా కొన్ని మిషన్లు పెట్టుకుని మనుషుల చేత కుట్టించే దర్జీ పెద్దను అక్కడ ఓస్తాగర్ అంటారు. అలాంటి వాళ్లు పదకొండుమంది కలిసి మా ఆఫీసుకు ఖాతాదారులయ్యారు. వాళ్లను కూడగట్టింది వాళ్లలోనే ఒకరైన అరవై ఏళ్ల ఆడమనిషి. పేటంతా ఆమెను ఖాలా అంటారు, అంటే పిన్ని అని. భర్త పోయాక ఎనిమిది మిషన్లనూ తనే నడుపుతోంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కళ్లు మూసుకుని బట్టను వేళ్ల మధ్య నలిపి, ఇది ఏ మిల్లుదో, రెండుసార్లు ఉతికితే ఏమవుతుందో చెప్పగలదు.

ఆడపిల్లల గౌన్ల అంచులకు వాళ్లు టర్కీ లేసు వేస్తారు. ఎన్నో ఏళ్లు దాన్ని బడాబజార్ టోకు వర్తకుల దగ్గర, వాళ్లు చెప్పిన ధరకు కొన్నారు. ఒకరోజు ఖాలా లేసు అయిపోయిన అట్టగొట్టం ఒకటి పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. దాని లోపలివైపు ఏదో అచ్చువేసి ఉంది, చదివి చెప్పమంది. అది ఆ లేసు తయారుచేసిన కంపెనీ చిరునామా. వాళ్లకు రాయగలవా అని అడిగింది. రాశాను. అలా పదకొండుమందీ తలా కొన్ని అట్టపెట్టెల సరుకు తెప్పించుకోవడం మొదలైంది. అందరి పెట్టెలూ ఒకే కంటైనర్‌లో, ఇంకా ఎవరెవరి సరుకుతోనో కలిసి వచ్చేవి. రెండుసార్లు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాయి.

మూడోసారి దుర్గాపూజ సీజను కోసం తెప్పించారు. పూజకు నెలన్నర ముందే అస్సాం నుంచీ బీహారు నుంచీ టోకు కొనుగోలుదార్లు మెటియాబ్రుజ్‌లో హాట్ అనే బట్టల సంతకు వస్తారు. సరుకు ఆషాఢంలో చేరితే వాళ్లకు వేళకు అందుతుంది. ఓడ కిరాయి మొత్తం టర్కీలోనే కట్టేశారు. కిరాయి చెల్లించబడింది అని రవాణా పత్రం మీద పెద్ద ముద్ర కూడా ఉంది. ఓడ బయల్దేరింది. ఎర్ర సముద్రంలో దాడులు జరుగుతున్నాయని వెనక్కి తిరిగి, జిబ్రాల్టర్ దాటి, ఆఫ్రికా కొసను చుట్టుకుని వచ్చింది. కొలంబోలో దించిన కంటైనర్ అక్కడ రోజుల తరబడి పడి ఉంది. చివరికి చిన్న ఓడలో కలకత్తా చేరేసరికి భాద్రపదం వచ్చేసింది.

సరుకు వచ్చిందని సంతోషించేలోపే ఫోన్లు మొదలయ్యాయి. అందరి సరుకూ ఆ కంటైనర్‌లో కలిపి తెచ్చిన రవాణా ఏజెంటు ఆఫీసు వాళ్లు మమ్మల్ని దాటేసి నేరుగా పదకొండుమందికీ విడివిడిగా ఫోన్లు చేశారు. కొత్త రుసుములు కట్టాలి, కడితేగానీ సరుకు విడుదల చేసే ఆర్డరు ఇవ్వం, మిగతావాళ్లంతా కట్టేశారు, ఇక మిగిలింది మీరొక్కరే అని చెప్పారు.

ఆ సాయంత్రం ఖాలా నన్ను వాళ్ల వర్క్‌షాపుకు రమ్మంది. నేను వెళ్లేసరికి పదకొండుమందీ మిషన్ల మధ్య ఖాళీల్లో సర్దుకుని కూర్చుని ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఎవరికి వారు, మిగతా పదిమందీ తమకు చెప్పకుండా కట్టేశారనుకుంటున్నారు. ఎవరు కట్టారో చేతులెత్తమన్నాను. ఇద్దరే ఎత్తారు. అందులో ఒకాయన పెద్దవాడు, మాటతక్కువ మనిషి. ఆయనకున్నవి రెండే మిషన్లు. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను అమ్మి ఆ డబ్బు కట్టాడట. ఆ మాట ఆయన చెప్పలేదు, పక్కనున్నాయన చెప్పాడు.

వచ్చిన కాగితాలన్నీ బల్ల మీద పరిచాను. దారి మార్పు రుసుము అని ఒకటి, రద్దీ రుసుము అని ఒకటి, అత్యవసర ఇంధనం అని మరొకటి ఉన్నాయి. వీటన్నిటి మీదా గోదాం అద్దె. సరుకు విడుదల చేయనిది వాళ్లు, విడిపించుకోలేదని రోజువారీ అద్దె మా మీద. పైగా ఓడ కిరాయి పెరిగిందని రాసిస్తే కస్టమ్స్ వాళ్లు ఆ పెరిగిన మొత్తం మీద కూడా సుంకం లెక్కేస్తారు. ఇదంతా నేను విడమరిచి చెప్తుంటే ఖాలా రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టింది. చదవడం రాకపోయినా అంకెలు తెలుసు ఆమెకు. ఆ రెండూ ఒకే కొలత, ఒకే సంఖ్య పెట్టెలు తెప్పించుకున్న ఇద్దరివి. అడిగిన డబ్బులో మాత్రం ఒకటిన్నర రెట్లు తేడా ఉంది.

"ఇతను ఫోన్‌లో గట్టిగా మాట్లాడాడు, ఇతనికి తక్కువ వేశారు. అతను భయపడ్డాడు, అతనికి ఎక్కువ వేశారు," అంది ఖాలా. "దీనికి ఓడతో ఏం సంబంధం దిదీ?"

యుద్ధం నిజం. ఓడ వేల మైళ్లు ఎక్కువ తిరిగిందన్నదీ నిజం. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని ఎవరికి తోచింది వాళ్లు కలిపేస్తున్నారని అంతకు ముందు నెలల్లోనే నాకు అనుమానం ఉంది. పెద్ద కంపెనీల ఫైళ్లలో ఇలాంటి రుసుములు వస్తే వాళ్లు కట్టేసి, వస్తువు ధరలో కలిపేసుకునేవారు. నేనూ రసీదు తీసి ఫైల్లో పెట్టేసేదాన్ని. అలా ఎన్ని రసీదులు కిమ్మనకుండా ఫైళ్లలో పెట్టానో ఆ బల్ల దగ్గర గుర్తొచ్చి సిగ్గేసింది.

మిగతా తొమ్మిదిమందినీ కట్టొద్దన్నాను. ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట చెప్పమన్నాను: ఈ డబ్బు ఏ నిబంధన కింద అడుగుతున్నారో మీ కంపెనీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి, చూసి కడతాం. ఆ మాటే ఏజెంటుకు ఉత్తరంగా కూడా రాసి, కింద వాళ్ల తొమ్మిది పేర్లూ వేశాను.

మర్నాడు పొద్దున్నే మా యజమానికి ఇదంతా చెప్పాను. ఆయన బెంగాలీ, మంచివాడు. మా నాన్న పోయినప్పుడు శవయాత్రలో శ్మశానం దాకా నడిచాడు. కానీ ఆ రవాణా ఏజెంటుతో మా ఆఫీసుకు నెలకు నలభై పనులుంటాయి. దర్జీల కోసం వాళ్లతో గొడవ పెట్టుకుంటే మిగతా ఫైళ్లన్నీ అడుగున పడతాయని భయపడ్డాడు. కట్టించేసి ఫైలు మూసెయ్యమన్నాడు. కట్టించను, వాళ్ల ఆఫీసుకే వెళ్లి అడుగుతాను అన్నాను. ఇన్నేళ్లలో ఆయనకు నేను కాదు అని చెప్పడం అదే మొదలు. ఆయన కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. వెళ్తే వెళ్లు, మా ఆఫీసు పేరు మాత్రం ఎత్తకు అన్నాడు. సరేనని అక్కడే నాలుగు రోజులకు సెలవు చీటీ రాసిచ్చాను.

అమ్మకు ఇంట్లో చెప్పక తప్పలేదు. ఎనభై ఏళ్ల మనిషి, ముందు కంగారుపడింది.

"ఏటే, ఉద్యోగం ఊడిపోతే ఏటి సేస్తావు?" అంది.

"నీ పింఛను తింటాను," అన్నాను.

అమ్మకు పాత సంగతి గుర్తొచ్చింది. రోడ్లు ఊడ్చే రోజుల్లో మేస్త్రీ ఒకసారి వారం జీతం కోత పెట్టాడని, ఆడవాళ్లంతా చీపుళ్లు పట్టుకుని వార్డు ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారని చెప్పింది. నాకు అంతకు ముందెప్పుడూ చెప్పలేదు. కోత తిరిగి ఇచ్చారా అని అడిగాను. సగం ఇచ్చారంది. ఆ సగం కూడా కూర్చోకపోతే వచ్చేది కాదని, పొద్దున్నే తిని వెళ్లమని చెప్పి, తనే లేచి చద్దన్నంలో ఉల్లిపాయ కోసి పెట్టింది.

ఏజెంటు ఆఫీసు పార్క్ స్ట్రీట్ అవతల ఒక అద్దాల మేడలో ఆరో అంతస్తులో ఉంది. మొదటి రోజు నేనూ ఖాలా ఇద్దరమే వెళ్లాం. పేర్లు రాయించుకుని, ఆధార్ జిరాక్సులు తీసుకుని, సోఫాలో కూర్చోమన్నారు. రెండు గంటలకు మేనేజరు పిలిచాడు. ముప్పై ఐదేళ్లుంటాయి, కొత్తగా బదిలీ అయి వచ్చాడు. నేను హిందీలో మొదలుపెట్టాను. అంతా సిస్టమ్ లెక్కేసిన చార్జీలు, మా చేతుల్లో ఏమీ లేదు అని అతనూ హిందీలోనే చెప్పాడు. సిస్టమ్ ఒకే కొలతకు రెండు లెక్కలు ఎలా వేస్తుందని ఆ రెండు కాగితాలు చూపించాను. అతను ఆ కాగితాల మీంచి చూపు తిప్పి, నా ఆధార్ జిరాక్సులో ఇంటిపేరు చూశాడు.

"మేడమ్, మీరు తెలుగువాళ్లా?" అన్నాడు. మొహం విప్పారింది. "ముందే చెప్పొద్దా? మాది హైదరాబాద్. ఈ ఊళ్లో తెలుగు మాట వినక ఆరు నెలలైంది."

"నాను ఏ బాసలో సెప్పినా కాయితం అదే బాబూ," అన్నాను. "ఈ డబ్బులు ఏటికి అడుగుతన్నారో రాసియ్యండి."

అతను నవ్వాడు. "శ్రీకాకుళమా? ఈ భాష సినిమాల్లో విన్న గానీ, ఎదురుగ వినుడు ఇదే మొదటిసారి."

చిన్నప్పుడు విజయవాడ నుంచి వచ్చిన పాస్టరుగారి భార్య ఇలాగే నవ్వితే, నెల రోజులు చర్చిలో నోరు విప్పలేదు నేను. ఇప్పుడు నాకు యాభై రెండేళ్లు.

"సినిమా అయిపోనాది బాబూ," అన్నాను. "కాయితం మాట సెప్పండి."

అతని నవ్వు ఆగింది. రాసివ్వడం కుదరదని, పాలసీ ఒప్పుకోదని ఇంగ్లీషులో చెప్పాడు. అయితే కుదిరేదాకా బయట కూర్చుంటామని నేను హిందీలో చెప్పాను. ఖాలాకు కూడా అర్థం కావాలని అలా చెప్పాను. ఆఫీసు మూసేదాకా కూర్చున్నాం.

రెండో రోజు ఖాలా ఒంటరిగా రాలేదు. వెంట నలుగురు ఆడవాళ్లను తీసుకొచ్చింది. కుట్టడం అయిపోయిన గౌన్లకు వేలాడే దారాలు కత్తిరించి, గుండీలు కుట్టే పని వాళ్లది. కుట్టినన్ని గౌన్లకే కూలి గనక, రోజంతా ఊరికే కూర్చుంటే కూలి పోతుందని ఒక్కొక్కరూ ఒక మూట కట్టుకొచ్చారు. కింద గార్డు మూటలు విప్పించి చూశాడు. లేసు లేని మామూలు గౌన్లు, దారం కత్తెరలు, ఒక డబ్బా గుండీలు. కత్తెరలు కుదరవన్నాడు. దారం కొరకడానికి పళ్లున్నాయిలే అని కత్తెరలు అతనికే ఇచ్చి లిఫ్టెక్కారు.

ఆ సోఫాలు తెల్లటి తోలువి. పదింటికల్లా వాటి మీద గులాబీ, ఆకుపచ్చ, పసుపు గౌన్లు పరుచుకున్నాయి. ఆడవాళ్లు మాట్లాడుకోకుండా పని చేసుకుంటున్నారు. కొరికిన ప్రతి దారం ముక్కనూ ఒక ప్లాస్టిక్ సంచిలో వేస్తున్నారు, చెత్త చేశారన్న మాట పడకూడదని ఖాలా హుకుం. రిసెప్షన్ అమ్మాయి మొదట చిరాకుపడింది. మధ్యాహ్నానికి ఒక గౌను ఎత్తి చూసి, తన మేనకోడలికి ఏ సైజు సరిపోతుందని అడిగింది.

లోపలికీ బయటికీ తిరిగే పెద్దమనుషులు మమ్మల్ని చూసి ఆగేవారు. ఎందుకు కూర్చున్నారని అడిగితే ఖాలా బెంగాలీలో ఒకే జవాబు చెప్పేది. డబ్బు అడిగారు, ఎందుకో రాసివ్వమన్నాం, రాస్తున్నారు కాబోలు, ఎదురుచూస్తున్నాం. గొంతు పెంచేది కాదు, ఒక్కమాట ఎక్కువా చెప్పేది కాదు.

మూడింటికి మేనేజరు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. టీ తెప్పించాడు. ఈసారి కూడా తెలుగులోనే, కానీ మెల్లగా మాట్లాడాడు.

"వాళ్లు బట్టలు కుట్టుకునేటోళ్లు మేడమ్. వాళ్లకు ఈ రూల్స్ ఏం అర్థమైతయి? మీరు చదువుకున్నరు, మనం మనం ఒకటి. కాయితాల మీద మీ ఆఫీసు పేరు చూసిన, మీ పనులు నేను వేరేగ చూసుకుంట. వాళ్లను తీస్కపోండి."

"మనం మనం అంటే ఎవులు బాబూ?" అన్నాను. "మా నాయిన ఈ డాకులో బస్తాలు మోసీవోడు. మా యమ్మ రోడ్లు ఊడిసేది. ఆ సోఫాలో కూకున్నోలే నాకు మనోలు."

టీ తాగకుండా లేచి వచ్చేశాను. ఖాలా పక్కన కూర్చుని ఒక గౌను తీసుకుని గుండీ కుట్టడానికి ప్రయత్నించాను. ఆమె చూసి, నా చేతిలోంచి గౌను తీసుకుని, కుట్టినదంతా విప్పేసింది. నీ పని కాగితాలు, ఇది పాడుచేయకు అంది.

ఆ సాయంత్రం మా యజమాని ఫోన్ చేశాడు. మేనేజరు ఆయనకు ఫోన్ చేశాడట. వెనక్కి రమ్మన్నాడు. నేను సెలవులో ఉన్నాను దాదా, మీ ఆఫీసు పేరు ఎక్కడా ఎత్తలేదు అన్నాను. జాగ్రత్త అని పెట్టేశాడు.

మూడో రోజు వాన కుండపోతగా కురిసింది. మెటియాబ్రుజ్ వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. రారేమో అనుకున్నాను. ఆరుగురు వచ్చారు, గౌన్ల మూటలు నెత్తిన పాలిథీన్ కవర్లలో పెట్టుకుని. ముందు రోజు కత్తెరలు తీసేసుకున్న గార్డే ఆ కవర్ల నీళ్లు దులిపి, తుడుచుకోమని తన తువ్వాలు ఇచ్చాడు.

పదకొండింటికి జరిగింది నేను ఊహించనిది. మాలాంటి క్లియరింగ్ ఆఫీసుల గుమాస్తాలు రోజూ ఆ కౌంటర్ దగ్గర చెక్కులు కట్టి ఆర్డర్లు తీసుకెళ్తారు. అందులో ఒకాయన, ఏదో మార్వాడీ కంపెనీలో తలనెరిసిన గుమాస్తా, రెండు రోజులుగా మమ్మల్ని చూస్తున్నాడు. కౌంటర్ దగ్గర తన బిల్లు తీసి, చెక్కు జేబులోనే ఉంచుకుని, ఈ రద్దీ రుసుము ఏ నిబంధన కిందో రాసివ్వండి అన్నాడు. కౌంటర్ కుర్రాడు నోరు తెరిచాడు. ఆయన వెనకున్నాయన తన బిల్లు చూసుకున్నాడు. అతనూ అదే అడిగాడు. మధ్యాహ్నానికి చెక్కులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డవాళ్లు ఏడుగురయ్యారు. వాళ్లలో ఎవరూ మాతో ఒక్కమాట మాట్లాడలేదు. మా వైపు చూడను కూడా చూడలేదు. కానీ కదల్లేదు.

మేనేజరు గది అద్దాల వెనక ఫోన్ చెవికి ఆనించుకుని అటూ ఇటూ నడుస్తూ కనిపించాడు. నాలుగింటికి మా తొమ్మిదిమంది పేరున ఉత్తరాలు వచ్చాయి, కంపెనీ కాగితం మీద, సంతకంతో. రద్దీ రుసుము తీసేశారు. అత్యవసర ఇంధనం తీసేశారు. గోదాం అద్దె మొత్తం మాఫీ. దారి మార్పు రుసుము ఒక్కటి ఉంచారు, అందరికీ ఒకే లెక్కన. దారి మారితే పడుతుందని ఓడ బయల్దేరక ముందే ఆ రుసుము ప్రకటించామని, ఆ ప్రకటన నకలు కూడా జతచేశారు.

ఆ నకలు చదివాను. ఓడ బయల్దేరిన దానికంటే నిజంగానే ముందటి తేదీ. అలా ఉంటే కట్టాల్సిందేనని ఖాలాకు చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. మూడు రోజులు కూర్చున్నాం, ఇంకో మూడు రోజులు కూర్చుంటే ఇదీ పోతుంది అంది. అది వాళ్లకు రావాల్సిందే ఖాలా, రాసి చూపించారు, చూపిస్తే కడతామన్నది మన మాటే కదా అన్నాను. ఆమె మొహం గట్టిపడింది. "నువ్వు చివరికి ఆఫీసు మనిషివే," అంది. తిరుగు బస్సులో నా పక్కన కూర్చోలేదు. నాకు ఆ మేనేజరు నవ్వు కంటే ఈ మాట ఎక్కువ తగిలింది. అయినా మాట మార్చుకోలేదు. మర్నాడు తొమ్మిదిమందీ ఆ ఒక్క రుసుమూ కట్టారు. ఖాలా అందరికంటే చివర కట్టింది.

పెట్టెలు విడిపించి మెటియాబ్రుజ్ చేర్చాం. నాలుగు పెట్టెల్లోకి సముద్రపు తడి చేరి, లేసు మీద పసుపు మరకలు పడ్డాయి. చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఖాలా ఒక చుట్ట విప్పి, వెలుగులో పట్టుకుని చూసి, పెద్ద డేగిసాలో టీ ఆకు మరిగించమంది. మరకల లేసంతా అందులో ముంచి లేత గోధుమ రంగుకు తెచ్చారు. ఆ లేసు వేసిన గౌన్లకు ఇదే ఈ ఏటి ఫ్యాషన్ అని హాట్‌లో చెప్పింది. నమ్మినవాళ్లు నమ్మారు. కానీ అస్సాం కొనుగోలుదార్లు అప్పటికే వచ్చి వెళ్లిపోయారు. కుట్టిన సరుకులో సగమే పూజకు పోయింది, మిగతా సగం శీతాకాలంలో తక్కువ ధరకు వదిలించుకున్నారు. దాన్ని గెలుపు అని నేను అనను. కానీ ఆ సీజను తర్వాత పదకొండుమందిలో ఒక్కరు కూడా బడాబజార్‌కు తిరిగి వెళ్లలేదు. తర్వాతి సరుకు పంపించమని టర్కీకి రాయడానికి ఖాలా మళ్లీ మా ఆఫీసుకే వచ్చింది. నా బల్ల ముందు కూర్చుని, జర్దా పాన్ నములుతూ, ఏమీ జరగనట్టు పని మాట్లాడింది. నేనూ అలాగే మాట్లాడాను.

ఆఫీసులో మా యజమాని ఆ ఏజెంటు ఫైళ్లన్నీ నా దగ్గర్నుంచి తీసి వేరే అతనికి ఇచ్చాడు. నాకు విమానాశ్రయం ఫైళ్లు ఇచ్చాడు. శిక్ష అని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. మూడు నెలలకు మా పెద్ద ఖాతాదారుడి మీద ఆ ఏజెంటే ఏదో యుద్ధ రుసుము అని భారీ మొత్తం వేశాడు. ఆ బిల్లు పట్టుకుని మా యజమాని నా బల్ల దగ్గరికొచ్చి, నా మొహం చూడకుండా, ఆ మెటియాబ్రుజ్ వాళ్ల కోసం రాశావే, అలాంటి ఉత్తరం ఒకటి రాసిపెట్టు అన్నాడు. రాశాను. కింద ఈసారి మా ఆఫీసు పేరు వేశాను. చదివి సంతకం పెట్టాడు.

ఇందులో ఒక్క సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ముందే కట్టేసిన ఇద్దరికీ డబ్బు తిరిగి రాలేదు. కట్టడమంటే ఒప్పుకున్నట్టే అన్నారు. ఒకాయన వదిలేశాడు. ఓవర్‌లాక్ మిషను అమ్ముకున్న పెద్దాయన మీద జాలిపడి మిగతావాళ్లు చందా వేసుకుని ఇస్తామంటే ఆయన పుచ్చుకోలేదు. నాకు చందా వద్దు దిదీ, నేను భయపడి కట్టాను, నన్ను భయపెట్టినవాళ్లు ఇవ్వాలి అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అప్పుడే విన్నాను. ఆయన తరఫున ఆరు ఉత్తరాలు రాశాను. హైదరాబాద్ మేనేజరు బదిలీ అయి వెళ్లిపోయాడు, కొత్తాయన జవాబివ్వడు. చర్చిలో మాకు తెలిసిన లాయరు ఒకాయన కాగితాలు చూసి, వ్యాపారస్తుల తగాదాలు వినియోగదారుల కోర్టులో సాధారణంగా నిలబడవని, అయితే పొట్టకూటి కోసం సొంత చేతుల్తో కుట్టుకునే మనిషి అని వాదించడానికి దారి ఉందని చెప్పాడు. ఓడిపోవచ్చు, ముందే చెప్తున్నా అన్నాడు. పెద్దాయనను అడిగాను. వేద్దాం అన్నాడు.

కేసు వేశాం. వాయిదా వచ్చే నెలలో ఉంది. రెండు రోజుల సెలవుకు నిన్ననే చీటీ ఇచ్చాను. కారణం రాయాల్సిన చోట మామూలుగా అందరూ సొంత పని అని రాస్తారు. నేను మాత్రం మెటియాబ్రుజ్ దర్జీ కేసు, సాక్షిగా వెళ్తున్నాను అని రాశాను. మా యజమాని అది రెండుసార్లు చదివి, మంజూరు చేశాడు.